మీకు తెలుసా? బంతి పిల్లాడిది, బిల్లు నాన్నది

అమెరికాలో కాలేజీల మధ్య మొట్టమొదటి బేస్‌బాల్ మ్యాచ్ 1859 జులై 1న మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్ ఊళ్లో జరిగింది. తలపడినవి ఆమ్‌హర్స్ట్, విలియమ్స్. రెండూ ప్రైవేటు కాలేజీలే. అప్పుడక్కడ పాటించిన నియమాల ప్రకారం జట్టుకు పదముగ్గురు. ఆమ్‌హర్స్ట్ 73, విలియమ్స్ 32. ఇంత తేడాతో ఓడితే ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా! ఆమ్‌హర్స్ట్ తరఫున బంతి విసిరినవాడు అసలు విద్యార్థే కాదనీ, ఆ ఒక్క రోజు కోసం కూలికి తెచ్చుకున్న కమ్మరి అనీ విలియమ్స్ వాళ్లు పుకారు లేపారు. మూడున్నర గంటల పాటు అలా విసరడం కమ్మరి చేతికి తప్ప ఇంకెవరికి సాధ్యమని చూడవచ్చిన ఒకాయన వంత కూడా పాడాడట. మర్నాడు ఇవే రెండు కాలేజీలు చదరంగంలో పోటీపడితే అక్కడా ఆమ్‌హర్స్టే గెలిచింది. దానికి మాత్రం ఏ కమ్మరినీ అనలేదు.

మంచి చేయి ఉన్నవాణ్ని మన కాలేజీకి ఎలా తెచ్చుకోవాలన్న తంటా, చూశారుగా, ఆటతోనే పుట్టింది. ప్రైవేటు యూనివర్సిటీలకు ఆ తంటా ఇంకా తీరలేదు. కాకపోతే ఇప్పుడది పుకార్లతో కాదు, ఫీజు రసీదులతో నడుస్తోంది.

ఆ పాయింట్ ఏడు ఎక్కడిది?

అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ. అందులో పై మెట్టు డివిజన్ వన్. నిన్నమొన్నటి వరకూ, అంటే 2024-25 విద్యా సంవత్సరం దాకా, ఈ మెట్టులో ఒక బేస్‌బాల్ జట్టు ఇవ్వగలిగిన పూర్తి స్కాలర్‌షిప్పులు 11.7. అంతకుముందు 13 ఉండేవి. 1990ల మొదట్లో ఖర్చు తగ్గించాలని పదో వంతు కోసేశారు. పదమూడులో పదో వంతు తీసేస్తే మిగిలింది పదకొండు పాయింట్ ఏడు. దాన్ని కనీసం పన్నెండు చేద్దామని మూడు దశాబ్దాల పాటు ఎవరికీ తోచలేదు.

పెద్ద ఫుట్‌బాల్ జట్టుకు అదే కాలంలో 85 పూర్తి స్కాలర్‌షిప్పులు ఉండేవి. మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు 13. బాస్కెట్‌బాల్‌లో ఒకేసారి ఆడేది ఐదుగురు. బేస్‌బాల్‌లో తొమ్మండుగురు, పైగా ఇవాళ బంతి విసిరిన పిచర్ మళ్లీ విసరడానికి రోజులు పడుతుంది కాబట్టి డజనుకు పైగా పిచర్లను పోషించాలి. కొవిడ్‌కు ముందున్న నియమం ప్రకారం జట్టులో 35 మంది దాకా ఉండొచ్చు, అందులో 27 మందికి మించి స్కాలర్‌షిప్ పంచకూడదు, ఇస్తే పావు వంతుకు తగ్గకూడదు. దాంతో కోచ్ దగ్గర ఉండేవన్నీ ముక్కలే. పిచర్‌కు, క్యాచర్‌కు, షార్ట్‌స్టాప్‌కు పెద్ద ముక్క. లెఫ్ట్ ఫీల్డర్‌కు పావు. చివరి ఎనిమిది మందికి యూనిఫాం.

‘వాళ్లబ్బాయికి బేస్‌బాల్ స్కాలర్‌షిప్ వచ్చిందట’ అని వీధంతా చెప్పుకునేది. ఎంత శాతమో ఆ ఇంట్లోవాళ్లకే తెలిసేది.

ఒకే నలభై శాతం, రెండు బిల్లులు

టెనెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఉంది. పేరున్న ప్రైవేటు సంస్థ. ట్యూషన్, హాస్టల్, తిండి, పుస్తకాలు కలిపి అక్కడ ఏడాది ఖర్చు ఇప్పుడు 90 వేల డాలర్లు దాటింది. అదే రాష్ట్రంలో నాక్స్‌విల్‌లో ఉన్న ప్రభుత్వ యూనివర్సిటీలో, సొంత రాష్ట్రపు పిల్లలకు అందులో సగం కూడా కాదు. లెక్క తేలిగ్గా ఉంటుందని 90 వేలు, 35 వేలు అనుకుందాం. ఆ 11.7 రోజుల్లో ఇద్దరు కోచ్‌లూ ఒకే కుర్రాడి ఇంటికొచ్చి నలభై శాతం ఇస్తామన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే తండ్రి ఏడాదికి కట్టాల్సింది 21 వేలు. ప్రైవేటులో 54 వేలు. నాలుగేళ్లకు ఒకవైపు 84 వేలు, మరోవైపు 2 లక్షల 16 వేలు. మన రూపాయల్లో ఆ రెండో అంకె కోటిన్నర పైమాటే.

ఇందులో తమాషా ఏమిటంటే ఎక్కువ డబ్బు ఇచ్చింది ప్రైవేటు కోచే. ఆయన నలభై శాతం అంటే 36 వేలు, అవతలాయన నలభై శాతం 14 వేలే. అంత ఇచ్చీ ఓడిపోయేది ఆయనే. అవతలివాడు చూపించిన 21 వేల బిల్లే తనూ చూపించాలంటే 76 శాతానికి పైగా ఇచ్చుకోవాలి. ఇద్దరికీ ఉండేవి ఆ 11.7 స్కాలర్‌షిప్పులే కదా, ఒక్కడికే అంత పోస్తే మిగతా జట్టును దేనితో తేవాలి?

దీనికి తోడు రాష్ట్రాల లాటరీ డబ్బొకటి. జార్జియాలో 1993 నుంచి హోప్ స్కాలర్‌షిప్ నడుస్తోంది. ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్, టెనెసీలో మరో హోప్. మార్కులుంటే సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్‌లో పెద్ద భాగం దీనితోనే తీరిపోతుంది. దాని మీద కోచ్ ఓ పావు వంతు వేస్తే కుర్రాడు దాదాపు ఉచితంగా చదువుతాడు. ఆ లాటరీ సొమ్ము అదే రాష్ట్రంలోని ప్రైవేటు యూనివర్సిటీకి పట్టుకెళ్లినా తొంభై వేల ముందు ఏ మూలకూ చాలదు. మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటును గట్టెక్కించి, మేనేజ్‌మెంట్ కోటా దగ్గర చేతులెత్తేసినట్టే.

మరి పేద పిల్లలకు యూనివర్సిటీ ఇచ్చే సాయం ఉండదా అంటే, ఉంటుంది. చిక్కల్లా మధ్యలోవాళ్లకే. డల్లాస్, అట్లాంటా శివార్లలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే తెలుగు ఇళ్లలో ఈ సంగతి బాగా తెలుసు. పిల్లాడు పన్నెండో తరగతికి రాగానే ఫాఫ్సా, సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారాలు నింపుతారు. జీతాలు, ఇల్లు, దాచుకున్నది అన్నీ రాశాక, ‘మీరు కట్టుకోగలరు’ అని జవాబొస్తుంది. కట్టుకోగలమని వాళ్లకు మాత్రం అనిపించదు. బేస్‌బాల్ పిల్లల ఇళ్లు ఎక్కువగా ఈ మధ్య మెట్టులోవే. స్కాలర్‌షిప్‌ను ముక్కలు చేసి అందరికీ పంచడం చూడటానికి న్యాయంగానే ఉంటుంది గానీ, ఆ పద్ధతి జట్టులోకి రానిచ్చింది మిగతా ముక్క కట్టగల తండ్రులున్న పిల్లల్నే అని నా అభిప్రాయం.

అసలు కోచ్ కంట పడటానికే ఖర్చుంది. అట్లాంటాకు కాస్త ఎగువన ఎమర్సన్ అనే చిన్న ఊరుంది. అక్కడి లేక్‌పాయింట్ మైదానాల్లో వేసవి పొడవునా కుర్రాళ్ల టోర్నమెంట్లు జరుగుతాయి. వాటిని చాలా ఏళ్లు నడిపింది పర్‌ఫెక్ట్ గేమ్ అనే కంపెనీ, 1995లో అయోవాలో మొదలైంది. జులై ఎండలో కంచె వెనక మడత కుర్చీలు, వాటిలో రకరకాల యూనివర్సిటీల టోపీలు పెట్టుకున్న కోచ్‌లు. పిచర్ కాలు పైకెత్తగానే వరసగా బంతి వేగం కొలిచే రాడార్ గన్‌లు లేస్తాయి. బంతి క్యాచర్ గ్లవ్‌లో టప్పుమనగానే దిగుతాయి. తలలు వంగుతాయి, అంకె పుస్తకంలోకి ఎక్కుతుంది. పక్క మెట్ల మీద కూర్చున్న అమ్మానాన్నలు బంతిని చూడరు. ఎన్ని గన్‌లు లేచాయో చూస్తారు. ఎంట్రీ ఫీజు, హోటలు, పెట్రోలు, జట్టు చందా... అన్నీ కట్టి వాళ్లు కొనుక్కున్నది ఆ గన్‌ల వరసనే.

అలాస్కా వెళ్లి సంపాదించిన సీటు

న్యూయార్క్ మెట్స్ జట్టు చరిత్రలోనే గొప్ప పిచర్ ఎవరంటే చాలామంది చెప్పేది టామ్ సీవర్ పేరు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో కమ్యూనిటీ కాలేజీలో ఆడుతుండగా అతని మీద లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ కన్ను పడింది. యూఎస్‌సీ ప్రైవేటు యూనివర్సిటీ. సీవర్‌కు స్కాలర్‌షిప్ కావాలి. కోచ్ రాడ్ డెడోకు ఇవ్వాలా వద్దా అన్నది తేలలేదు. ముందు అలాస్కా వెళ్లు, అక్కడ ఆడి చూపించు అన్నారు. 1964 వేసవిలో ఫెయిర్‌బ్యాంక్స్ ఊళ్లో, రాత్రి పదకొండింటికి కూడా సూర్యుడు దిగని చోట, గోల్డ్‌పానర్స్ జట్టుకు ఆడి ఆ స్కాలర్‌షిప్ సంపాదించుకున్నాడు.

అక్కడితో అయిపోలేదు. 1966లో ప్రొఫెషనల్ జట్టు అట్లాంటా బ్రేవ్స్ అతనితో ఒప్పందం రాయించుకుంది. యూఎస్‌సీ సీజన్ అప్పటికే మొదలైంది కాబట్టి అది చెల్లదని లీగ్ కమిషనర్ కొట్టేశారు. సంతకం పెట్టాడు కాబట్టి కాలేజీలో ఆడటానికీ వీల్లేదని ఎన్‌సీఏఏ అంది. రెంటికీ చెడ్డాడు. తండ్రి కోర్టుకు వెళ్తానని హెచ్చరించాక, బ్రేవ్స్ ఇవ్వజూపినంత ఇవ్వగల జట్లు రావొచ్చని కమిషనర్ పిలిచారు. మూడు వచ్చాయి. చీటీ తీస్తే మెట్స్ పేరొచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 1969లో, ఆ మెట్సే ప్రపంచ విజేతలు.

ఒమాహా పద్దు

కాలేజీ బేస్‌బాల్ ఆఖరి పోరు కాలేజ్ వరల్డ్ సిరీస్ 1950 నుంచి నెబ్రాస్కాలోని ఒమాహాలో జరుగుతోంది. అన్ని కాలేజీల్లోకీ ఎక్కువ టైటిళ్లు ఎవరివో తెలుసా? ఇందాకటి ప్రైవేటు యూఎస్‌సీవే. మొత్తం పన్నెండు. 1970 నుంచి 1974 దాకా వరసగా ఐదేళ్లు. అయితే ఆ పన్నెండులో పదకొండు 1978 నాటికే వచ్చాయి. మయామీ నాలుగు, స్టాన్‌ఫర్డ్ రెండు, హోలీ క్రాస్, వేక్ ఫారెస్ట్, పెప్పర్‌డైన్ ఒక్కొక్కటి. 2003లో హ్యూస్టన్‌లోని రైస్ గెలిచింది. రైస్‌కు ఏ జట్టు క్రీడలోనైనా అదే తొలి జాతీయ టైటిల్. మరుసటి ఏడే ఆ జట్టు పిచర్లు ముగ్గురిని, ప్రొఫెషనల్ జట్లు కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎనిమిది పేర్లలోపే ఎంచుకున్నారు.

2004 నుంచి 2025 వరకూ లెక్క తీస్తే ప్రైవేటు వాళ్లలో ఒమాహాలో కప్పు ఎత్తింది వాండర్‌బిల్ట్ ఒక్కటే, 2014లో, 2019లో. తక్కినవన్నీ ప్రభుత్వ యూనివర్సిటీలే. ఫీజులు ఎక్కినకొద్దీ కప్పులు దిగాయని నేను తీర్పు చెప్పను గానీ, రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కళ్లకు కొట్టొచ్చినట్టే ఉంటుంది.

వాండర్‌బిల్ట్‌కు ఎలా కుదిరింది?

ఎస్‌ఈసీ అనే దక్షిణాది కూటమిలో ఇప్పుడు పదహారు యూనివర్సిటీలు. ప్రైవేటుది వాండర్‌బిల్ట్ ఒక్కటే. చుట్టూ ఎల్‌ఎస్‌యూ, ఫ్లోరిడా, టెనెసీ లాంటి కొండలు. 2003 సీజన్‌కు టిమ్ కార్బిన్ కోచ్‌గా వచ్చారు. మరుసటి ఏడే జట్టు జాతీయ టోర్నీకి వెళ్లింది, 1980 తర్వాత మళ్లీ అప్పుడే. అసలు మలుపు మాత్రం మైదానంలో కాదు, ఫీజుల ఆఫీసులో వచ్చింది. 2009 నుంచి యూనివర్సిటీ ‘ఆపర్చునిటీ వాండర్‌బిల్ట్’ అనే పథకం నడుపుతోంది. ఎంట్రన్స్ గేటు దాటిన పిల్లాడి కుటుంబం ఎంత కట్టలేదో తేల్చి, ఆ లోటంతా అప్పుగా కాకుండా తిరిగి ఇవ్వక్కర్లేని సాయంగా ఇస్తారు. ఇది క్రీడాకారుల కోసం పెట్టింది కాదు, విద్యార్థులందరిదీ. కానీ ఆటలో సత్తా ఉండి ఇంట్లో డబ్బు లేని కుర్రాడికి తొంభై వేల బోర్డు వెనక ఇంకో తలుపుందని అర్థమైంది.

పోటీ కోచ్‌లు గొణిగారు. ఇది దొడ్డిదారి స్కాలర్‌షిప్ అన్నారు. గొణుగుడులో కొంత నిజముంది. లాటరీ డబ్బుతో పబ్బం గడుపుకున్నవాళ్లు ఆ మాట అనడం మాత్రం కొంచెం విడ్డూరం. 2020 ఆగస్టు నుంచి ఎన్‌సీఏఏయే రూలు సడలించింది. ఆటతో సంబంధం లేకుండా అవసరాన్నో, మార్కులనో చూసి ఇచ్చే సాయాన్ని 11.7 లెక్కలో కలపక్కర్లేదంది. నిండు ఖజానా ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలకు అది వరం. చిన్న ప్రైవేటు కాలేజీలకు ఖజానా ఎక్కడిది? ఫీజు పెద్దదే, సాయం చిన్నదే. ప్రైవేటు అనే ఒక్క మాట కింద ఈ రెండు జాతుల్నీ కలిపేయకూడదు.

మన కుమార్

డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ జట్లు ఏటా కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం. 2012 నుంచి 2019 దాకా నలభై రౌండ్లు ఉండేవి. 2012లో కొలరాడో రాకీస్ జట్టు జార్జియా కుర్రాడు డాన్స్‌బీ స్వాన్సన్‌ను 38వ రౌండులో ఎంచుకుంది. 2018లో అదే రాకీస్, అదే 38వ రౌండులో, అదే జార్జియా నుంచి ఇంకో కుర్రాణ్ని ఎంచుకుంది. అతని పేరు కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. తల్లి లలిత భారతీయ కుటుంబం ఆడపడుచు. ఇంత మంచి ఆటగాళ్లు అంత అట్టడుగున ఎందుకు? ఇద్దరూ వాండర్‌బిల్ట్‌కు మాటిచ్చేశారు, ఎవరు పిలిచినా రారని అందరికీ తెలుసు. ఊరికే పేరు రాసి పెట్టుకున్నారంతే. స్వాన్సన్ 2015లో మొత్తం డ్రాఫ్ట్‌లోనే మొదటి పేరయ్యాడు.

కుమార్ మొదటి ఏడాది సంగతి చెప్పాలి. 2019 జూన్ 8, నాష్‌విల్. ఒమాహాకు ముందు మెట్టు అయిన సూపర్ రీజినల్‌లో ప్రత్యర్థి డ్యూక్, అదీ ప్రైవేటే. తొలి మ్యాచ్‌లో వాండర్‌బిల్ట్ 18-5తో చిత్తయింది. ఇది కూడా ఓడితే సీజన్ ముగిసినట్టే. బంతి పందొమ్మిదేళ్ల కుర్రాడి చేతికిచ్చారు. కుమార్ 131 బంతులు విసిరి పందొమ్మిది మందిని స్ట్రైకవుట్ చేశాడు. ఒక్కడికీ హిట్ ఇవ్వలేదు. సూపర్ రీజినల్ చరిత్రలో అలాంటిది అదే మొదలు. ఆ నెలాఖరుకు కప్పు నాష్‌విల్ చేరింది.

2021లో మెట్స్ అతణ్ని పదో పేరుగా ఎంచుకుని 60 లక్షల డాలర్లకు ఒప్పుకుని, వైద్య పరీక్షల తర్వాత వెనక్కి తగ్గింది. మరుసటేడు టెక్సాస్ రేంజర్స్ మూడో పేరుగా తీసుకుంది. 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో తొలిసారి అడుగుపెట్టాడు.

జులై దడ

ప్రైవేటు కోచ్‌కు నిద్ర పట్టని నెల జులై. 2021 నుంచి డ్రాఫ్ట్ ఆ నెలలోనే జరుగుతోంది. హైస్కూలు పూర్తయిన కుర్రాడు అప్పుడు ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లొచ్చు. నాలుగేళ్ల కాలేజీలో చేరాడా, మళ్లీ అవకాశం మూడేళ్లు చదివాకనో, ఇరవై ఒకటి నిండాకనో. రెండేళ్లు వెంటపడి తెచ్చుకున్న కుర్రాడు ఆఖరి నిమిషంలో చేజారేది ఇక్కడే. 2021లో డల్లాస్ కుర్రాడు జోర్డన్ లాలర్ వాండర్‌బిల్ట్‌కు మాటిచ్చాడు. అరిజోనా జట్టు ఆరో పేరుగా ఎంచుకుని 67 లక్షల డాలర్లు చేతిలో పెట్టింది. 2022లో డ్రూ జోన్స్‌దీ ఇదే కథ, రెండో పేరు, 80 లక్షలకు పైగా. ఎంత గొప్ప కుర్రాణ్ని పట్టుకుంటే అంత గ్యారంటీగా పోతాడు. అలాగని రెండో రకంవాళ్లనే పట్టుకుంటే ఒమాహా కల్ల.

పోయినవాడి చోటు నింపడంలోనే అసలు తేడా ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్ వారం తిరక్కుండా ఏ రెండేళ్ల కాలేజీ నుంచో ఒకణ్ని తెచ్చుకోగలడు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో వేరే కాలేజీ నుంచి వచ్చేవాళ్ల దరఖాస్తుల గడువు వసంతంలోనే ముగుస్తుంది. అక్కడ పాసైన సబ్జెక్టులన్నీ ఇక్కడ చెల్లుతాయన్న నమ్మకమూ లేదు. ఆగస్టులో తరగతులు మొదలయ్యేసరికి జట్టులో ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

కుర్రాడు చేజారే ఈ బాధ వందేళ్ల నాటిది. 1923 ఏప్రిల్ 18న న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం తెరుచుకుంది. అదే రోజు అదే నగరంలో ప్రైవేటు యూనివర్సిటీ కొలంబియా మైదానంలో లూ గెరిగ్ అనే విద్యార్థి పదిహేడు మంది విలియమ్స్ బ్యాటర్లను స్ట్రైకవుట్ చేశాడు. అవును, కమ్మరి పుకారు లేపిన విలియమ్సే. అయినా ఆ మ్యాచ్ కొలంబియా ఓడిపోయింది. గెరిగ్ తల్లి క్రిస్టీనా అదే యూనివర్సిటీలో ఓ విద్యార్థి సంఘం ఇంట్లో వంట చేసేది. కొడుకు ఇంజినీరు కావాలన్నది ఆమె కోరిక. కొన్ని వారాలకే యాంకీస్ జట్టు 1,500 డాలర్ల బోనస్ ఇస్తామంది. ఇంట్లో జబ్బులు, అప్పులు. గెరిగ్ చదువు వదిలేశాడు.

ఇంకో దారి

మైక్ ముసీనా అనే కుర్రాణ్ని 1987లో బాల్టిమోర్ ఒరియోల్స్ 11వ రౌండులో పిలిచింది. వెళ్లకుండా స్టాన్‌ఫర్డ్‌లో చేరి, అర్థశాస్త్రం డిగ్రీ మూడున్నరేళ్లలో ముగించాడు. 1990లో అదే ఒరియోల్స్ మొదటి రౌండులో పిలిచింది. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్. ప్రైవేటు కోచ్‌లు తల్లిదండ్రుల ముందు కూర్చున్నప్పుడు ఇలాంటి పేర్లే తీస్తారు. వంకెందుకు పెట్టాలి, నిజమే కదా.

కోచ్ ఒప్పుకుంటే సరిపోదు

ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల కనీసార్హత అంకె దాటితే చాలు, కోచ్ మాటకు అడ్డుండదు. స్టాన్‌ఫర్డ్, డ్యూక్, వాండర్‌బిల్ట్, రైస్ లాంటి చోట్ల అడ్మిషన్ల ఆఫీసు వేరే రాజ్యం. కోచ్ కుర్రాడి మార్కుల పత్రాలు అక్కడికి పంపి, ఇతను గట్టెక్కుతాడా అని ముందే అడుగుతారు. జవాబొచ్చేదాకా ఇంటికి ఫోన్ చేసి గట్టిగా ఏ మాటా ఇవ్వలేరు. ఈలోగా అవతలి కోచ్ ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతుంటాడు.

కొన్నేళ్ల కిందటి దాకా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ‘ఫలానా యూనివర్సిటీకి మాటిచ్చాను’ అని ప్రకటించేవాళ్లు. పద్నాలుగేళ్లవాడి గణితం మార్కులు నాలుగేళ్ల తర్వాత ఎలా ఉంటాయో ఏ కోచ్ చెప్పగలడు? 2023లో ఎన్‌సీఏఏ పద్ధతి మార్చింది. పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 దాకా కోచ్‌లు బేస్‌బాల్ కుర్రాళ్లతో మాట్లాడకూడదంది. ఇది ప్రైవేటు కోచ్‌లకు మేలే చేసింది, కనీసం రెండేళ్ల మార్కులు చేతిలో ఉంటాయి.

హార్వర్డ్, యేల్, కొలంబియాలున్న ఐవీ లీగ్ ఇంకో అడుగు ముందుంది. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. పైగా అకడమిక్ ఇండెక్స్ అని మార్కులు, పరీక్ష స్కోర్లు కలిపి ఒక అంకె తీస్తారు. చేర్చుకునే క్రీడాకారుల సగటు ఆ యూనివర్సిటీ విద్యార్థుల సగటుకు మరీ దూరం పోకూడదు. ఒక మెరుపు పిచర్ అంకె తక్కువైతే, దాన్ని సరిచేయడానికి అంకె ఎక్కువున్న ఇంకొకణ్ని వెతుక్కోవాలి. అతనికి బ్యాటు పట్టుకోవడం కూడా వస్తే అదృష్టం.

ఎఫ్-1 చిక్కు

జపాన్‌లో హనమాకి హిగాషి అనే హైస్కూలుంది. బేస్‌బాల్ తార షోహెయ్ ఒహ్తాని చదివింది అక్కడే. అతనికి కోచింగ్ ఇచ్చిన హిరోషి ససాకి కొడుకు రింతారో అదే బడిలో 140 హోమ్ రన్లు కొట్టాడు. జపాన్ ప్రొఫెషనల్ జట్లు కాసుకు కూర్చుంటే, వాటిని కాదని 2024లో స్టాన్‌ఫర్డ్‌కు వస్తానన్నాడు. చదువు పేరు చూపించి ప్రైవేటు యూనివర్సిటీ ప్రొఫెషనల్ లీగ్‌నే ఓడించిన అరుదైన సందర్భమిది.

కానీ అతను వచ్చింది మన పిల్లలు వెళ్లే ఎఫ్-1 వీసా మీదే. 2021 నుంచి అమెరికా కాలేజీ క్రీడాకారులు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. పక్కనున్న అమెరికా కుర్రాడు షూ ప్రకటనలో నవ్వి డబ్బు తెచ్చుకుంటుంటే, ఎఫ్-1 కుర్రాడు ఆచితూచి అడుగేయాలి, ఉద్యోగ నిబంధన అడ్డొస్తుంది. హెచ్-4 వీసా మీద పెరిగి లిటిల్ లీగ్ నుంచి బ్యాటు పట్టిన తెలుగు పిల్లలదీ ఇదే ఇరకాటం. వాళ్లకూ పనిచేసే అనుమతి లేదు, ఫాఫ్సా ద్వారా వచ్చే కేంద్ర సాయమూ లేదు. ఇరవై ఒకటి నిండితే ఆ హెచ్-4 కూడా పోతుంది.

ఇక 34

2025 జూన్ 6న కాలిఫోర్నియాలో జడ్జి క్లాడియా విల్కెన్, కాలేజీ క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన ‘హౌస్’ కేసు రాజీని ఆమోదించారు. దాంతో రాజీలో చేరిన యూనివర్సిటీలకు 11.7 చరిత్రలో కలిసింది. అవి జట్టులో 34 మందిని ఉంచుకోవచ్చు, కావాలనుకుంటే అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు.

ప్రైవేటు కష్టం తీరినట్టేనా? మళ్లీ ఆ 90, 35 లెక్కే వేసి చూడండి. కొత్తగా కలిసినవి 22.3 స్కాలర్‌షిప్పులు. సొంత రాష్ట్రపు పిల్లలతో నింపుకుంటే ప్రభుత్వ యూనివర్సిటీకి అయ్యేది సుమారు 7 లక్షల 80 వేల డాలర్లు. ప్రైవేటుకు 20 లక్షలు దాటుతుంది. అది యూనివర్సిటీ తనకు తానే కట్టుకునే ఫీజు కదా అనొచ్చు. కానీ చాలాచోట్ల క్రీడల విభాగం ఆ బిల్లు తన బడ్జెట్లోంచి కట్టాల్సిందే. పైగా ఇదే రాజీ ప్రకారం మొదటి ఏడాది క్రీడాకారులకు నేరుగా పంచగల సొమ్ము హద్దు యూనివర్సిటీకి రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు. కొత్త స్కాలర్‌షిప్పుల ఖర్చులో 25 లక్షల దాకా ఆ హద్దులోంచే తగ్గుతుంది. ఫుట్‌బాల్ తినగా మిగిలిన దాంట్లో బేస్‌బాల్‌కు ఎంతన్నది ప్రతి యూనివర్సిటీలోనూ ఓ పంచాయితీ. ఐవీ లీగ్ అసలు ఈ రాజీలోనే చేరలేదు.

34 అన్న అంకెకు ఇంకో కొస కూడా ఉంది. కొవిడ్ తర్వాత జట్టులో 40 మంది దాకా ఉండేవాళ్లు. కొత్త హద్దు వల్ల తీసేయాల్సి వచ్చిన పాతవాళ్లకు కోర్టు మినహాయింపు ఇప్పించింది గానీ, కొత్తగా వచ్చేవాళ్లకు ఆ వీలు లేదు. స్కాలర్‌షిప్ ఆశించకుండా, ఆట మీద ప్రేమతో జట్టు చివరి వరసలో చేరే కుర్రాళ్లను వాకాన్‌లు అంటారు. ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలాసార్లు తొంభై వేలూ చివరి డాలరు దాకా కట్టింది వాళ్ల నాన్నలే. ఇప్పుడు చోటు లేనిది ఆ పిల్లలకే.